చెయ్యెత్తి వినే సిస్టరమ్మ

కాన్పు నొప్పుల్లో కడుపులోని బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటుందో గమనించే పరిశోధన అది. హిందీ మాట్లాడే టాటీబంధ్ దగ్గర ఒక ఆస్పత్రిలో నేను అంకెలు రాసేదాన్ని, నర్సు సిస్టరమ్మ వినేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం ఆమెది. కడుపు మీద గొట్టం ఆనించి చెవి పెట్టగానే ఎడమ చెయ్యి పైకెత్తేది. అది దిగేదాకా డాక్టరైనా మాట్లాడకూడదు.

ఒక ఉదయం పక్కగదిలో బిడ్డ చనిపోయి పుట్టింది. మధ్యాహ్నానికి బంధువులు కర్రలతో వచ్చిపడ్డారు. అద్దాలు పగిలాయి. వార్డుబాయ్ పళ్లు రాలాయి. మా గదిలో సిస్టరమ్మ మరొకామె కడుపు మీద చెవి పెట్టి ఉండగా, ఆ చనిపోయిన బిడ్డ తండ్రి తలుపు విరగ్గొట్టి కర్ర విసిరాడు. సిస్టరమ్మ నుదురు చిట్లింది. ఆ నెత్తురు నొప్పులు పడుతున్నామె చీర మీద కారుతున్నా సిస్టరమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు.

"ఎనభై. పడిపోతంది, రాసుకోమ్మా," అంది నాతో. అతని వైపు తిరిగి, "యే బచ్చా జిందా హై! స్ట్రెచర్ పకడో!" అని అరిచింది, ఈ బిడ్డ బతికే ఉంది, స్ట్రెచర్ పట్టుకో అని.

అతను కర్ర పారేశాడు. అడ్డొచ్చిన తనవాళ్లనే భుజంతో గుద్దుతూ ఆపరేషన్ గది దాకా స్ట్రెచర్ తోశాడు. కాసేపటికి లోపల పుట్టిన ఆడపిల్ల ఏడ్చింది. అది విని అతను తల గోడకేసి బాదుకున్నాడు.

సిస్టరమ్మ అతని కాలర్ పట్టి ఆపి, హిందీలో అడిగింది: "పొద్దుట్నుంచి నీ పెళ్లాం దగ్గర ఎవరైనా కూర్చున్నారా?"

అప్పటిగ్గానీ అతనికి భార్య గుర్తు రాలేదు.