బస్వరాజ్‌ను ఆపి చూసినవాడి సాక్ష్యం

బస్వరాజ్ అస్తమించాడన్న వార్త నాకు న్యాల్‌కల్ బడిలో, తొమ్మిదో తరగతి పిల్లలకు ఛందస్సు చెబుతుండగా అందింది. జహీరాబాద్ నుంచి వచ్చిన బస్సు కండక్టరు కిటికీ దగ్గర నిలబడి, "సార్, మన బస్వన్న పోయిండు. పొద్దుగాల దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే..." అని ఆగిపోయాడు. సుద్దముక్క చేతిలో పట్టుకునే, "ఏ బస్వన్న?" అని అడిగాను. మా వైపు బస్వన్నలకు కొదవలేదు, ఇంకెవరో అయి ఉంటారన్న దురాశ. "ఎరువుల దుకాణం బస్వన్న సార్. బాస్కెట్‌బాల్ బస్వన్న" అన్నాడతను. యాభై ఏళ్లయినా నిండని మనిషి. గుండె ఆగిందన్నారు. ఆ గుండెకు ఎదురుగా ఏళ్ల తరబడి రొప్పుతూ నిలబడ్డవాణ్ణి నేను. అది నాకంటే ముందు అలసిపోయిందంటే ఈ క్షణానికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఖననమైన కొన్నాళ్లకు జహీరాబాద్ జట్టు కుర్రవాళ్లు మా ఇంటికి వచ్చారు. హైస్కూలు వెనక ఎర్రమట్టి మైదానంలో ఇప్పుడు కొత్తగా సిమెంటు కోర్టు వేశారు. ఊరు కన్న ఆటగాళ్లలో అత్యుత్తముడెవరో ఆయన పేరు దానికి పెట్టాలని పెద్దలు ఎప్పుడో తీర్మానించారు. ఎవరా అత్యుత్తముడు అన్నచోటే పేచీ వచ్చింది. సగం ఊరు సలీం అంటుంది. రాష్ట్ర జట్టుకు ఆడి, ఆ ఆటతోనే పట్నంలో ఉద్యోగం సంపాదించుకున్న ఆజానుబాహువు సలీం. మిగతా సగం బస్వరాజ్ అంటుంది. కుర్రవాళ్లలో రవి అనే అతను నా ముందు కూర్చుని, "సార్, బస్వన్న పెట్టిన రూలు మీకెరుకనె గద. ఎవర్నైతె ఎదురుంగ నిలవడి ఆపి చూసినమో, గాయన గురించే మాట్లాడాలె. సలీం భాయ్‌ను, బస్వన్నను ఇద్దర్ని ఆపి చూసినోల్లు మీరొక్కరె మిగిలిన్రు. సంతాపసభకు పుస్తకమేస్తున్నం. మీరేం రాస్తె గది బోర్డు మీదికెక్కుతది" అన్నాడు. నివాళి రాయమంటే రాసేవాణ్ణే. తీర్పు రాయమన్నారు. అందుకే ఈ వ్యాసం నాకింత కష్టమైంది.

ఆ రూలు పుట్టింది ఆయన దుకాణంలోనే. ఊళ్లోకి టీవీలు వచ్చిన కొత్తలో ఒకరి ఇంట్లో ఒలింపిక్ ఆటలు చూసి వచ్చిన కుర్రకారు యూరియా బస్తాల మీద కూర్చుని, ఫలానా దేశపు ఆటగాడు లోకంలోకెల్లా గొప్పవాడంటే, కాదు ఇంకొకడని గొంతులు చించుకుంటున్నారు. బస్వరాజ్ తక్కెడ ముందు నుంచి తల ఎత్తకుండా, "నువ్వు ఆపినవా వాన్ని?" అని అడిగాడు. "నేనెట్ల ఆపుత బస్వన్నా, వాడు టీవీల ఉన్నడు!" అన్నాడొకడు. "మరి నీకెట్ల ఎరుక? గ్యాలరీల కూసున్నోనికి పాయింట్లు కనవడ్తయ్. ఎదురుంగ నిలవడ్డోనికి మనిషి కనవడ్తడు. ఆపి చూసినోల్లె మాట్లాడుండ్రి, తక్కినోల్లు చాయ్ తాగుండ్రి." ఆనాటి నుంచి అది శాసనమైపోయింది. నేను కోహీర్ నుంచి వెళ్లి ఆ బస్తాల మీద కూర్చున్నప్పుడల్లా కుర్రవాళ్లు నన్ను సాక్షిని చూసినట్టు చూసేవారు.

ఆయన్ను ఎరగనివారికి ఆయన రూపం చెప్పాలి. పొడగరి కాడు. కొంచెం వంగిన భుజాలు, గట్టి పిక్కలు, ఎప్పుడూ ఏదో దిగమింగుకుంటున్నట్టుండే నవ్వు. తాతల నాడు బీదర్ దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, కోర్టులో ఉర్దూ మాట్లాడేవాడు. ఆటలో కన్నడం వినబడిందంటే ఆయనకు కోపం వచ్చిందన్నమాట. సాయంత్రం దుకాణం తలుపులు దించి, మెడలోని లింగాన్ని బనియను లోపలికి భద్రంగా దోపుకుని కోర్టులోకి దిగేవాడు. ఆ తర్వాత ఎరువులూ రైతులూ ఉద్దెర బాకీలూ ఏవీ ఆయనకు గుర్తుండేవి కావు.

డెబ్బయ్యవ దశకపు తొలినాళ్లలో ఒక టోర్నమెంటులో మా కోహీర్ జట్టు తరఫున ఆయన్ను ఆపే భారం నాపై పడింది. ఆపడం మాట అటుంచండి, ఆయన ఎటు పోయాడో వెతుక్కోవడంతోనే నా ఆట ముగిసింది. ఎడమకు వెళ్తున్నట్టు భుజం వంచేవాడు, నేను ఎడమకు దూకేవాణ్ణి, ఆయన కుడి నుంచి వెళ్లి బంతిని రింగులో వేసి వచ్చి నా వెన్ను తట్టేవాడు. ఆ తట్టడం మరీ మంటగా ఉండేది. తలెత్తుకోలేక ఊరు చేరాను.

తరువాతి ఆదివారం సైకిల్ మీద, హ్యాండిల్‌కు వలసంచీలో బంతి వేలాడదీసుకుని, మా గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు. మా అమ్మ జామకాయలు పెట్టింది. తింటూనే, "పటేలా, నువ్వు మంచిగ ఉరుకుతవ్ గాని బాల్ దిక్కు చూస్తున్నవ్. నా కండ్లు అబద్ధమాడ్తయ్, భుజాలు అబద్ధమాడ్తయ్. నా నడుం దిక్కు చూడు. అది ఎటు పోతె నేను గటే పోవాలె, ఇంకో తొవ్వ లేదు నాకు" అన్నాడు. నేను తెల్లబోయాను. "నిన్ను ఆపే విద్య నాకెందుకు చెప్తున్నవ్ బస్వన్నా?" అన్నాను. "ఆపెటోడు లేకుంటె నేనెంత ఆడుతున్ననో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. ఆ వానకాలమంతా వీలైన ఆదివారమల్లా వచ్చాడు. మా ఇంటి వెనక బురదలో నన్ను ఎదురుగా నిలబెట్టి, తనను ఎట్లా ఆపాలో తానే నేర్పాడు. నేను తప్పటడుగు వేస్తే నన్ను మించి విసుక్కునేవాడు.

మరుసటి టోర్నమెంటులో చివరి ఆట వాళ్ల ఊళ్లోనే, వాళ్ల మైదానంలోనే. ఆ రోజు నేను ఆయన నడుము తప్ప లోకంలో మరేదీ చూడలేదు. ఆయనకు దారి దొరకలేదు. సలీం ఒక్కడూ ఎంత వేసినా చాలలేదు. ఒకే ఒక బాస్కెట్ తేడాతో కోహీర్ గెలిచింది. ఊరు ఊరంతా నివ్వెరపోయింది. ఓటమికి కారణం వెతుకుతుంటే ఈయనే నోరు విప్పి, "నన్ను ఆపుడు నేనే నేర్పిన" అని చెప్పాడు. ఇంక అడగాలా! ఒక పెద్దమనిషి నడిబజారులో నిలబెట్టి, "దుష్మన్ చేతికి కత్తిచ్చి ఇంటికి పిలిచినవ్ కదరా!" అని నిలదీశాడు. కెప్టెన్ పదవి ఊడింది. దుకాణానికి వచ్చే రైతులు కొందరు పక్క దుకాణానికి మళ్లారు. ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పలేదు, ఎవరిమీదా అలగలేదు. కొత్త కెప్టెన్ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి ఆడాడు.

సభలో వక్తలు ఈ ఉదంతం చెప్పి ఆయన్ను త్యాగమూర్తిని చేస్తారని నాకు తెలుసు. దయచేసి చేయకండి. ఆ ఓటమి తర్వాత ఆయనకు చాలా రోజులు అన్నం సయించలేదని మహానంద వదిన, అంటే ఆయన సహధర్మచారిణి, నాతో చెప్పింది. మళ్లీ ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు మొహం కందగడ్డలా ఉంది. "బాధ లేదనుకుంటున్నవా? కడుపుల అగ్గి మండుతుంది. చెప్పు, నన్నెట్ల ఆపినవ్? నేనెక్కడ దొరికిన?" అని శిష్యుడిలా నా ముందు కూర్చున్నాడు. నేను చూసినదంతా చెప్పాను. మర్నాటి నుంచి ఆ దారి మానేశాడు. వెనక్కి అడుగేసి, ఒంటికాలి మీద తిరిగి, నడుము ఒక దిక్కు చూపిస్తుండగానే బంతిని చేతి నుంచి వదిలే కొత్త ఎత్తు ఒకటి కనిపెట్టాడు. దానితో పై ఏడాది మమ్మల్ని చిత్తు చేసి, వచ్చి నా వెన్ను తట్టాడు. ఇది త్యాగం కాదు, ఆకలి. ఆటంటే అంత ఆకలి గల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక మా వివాదం. మోకాళ్లు మొరాయించి మేమిద్దరం ఆట మానేసిన తర్వాత కూడా అది ఆగలేదు. అత్యుత్తముడు సలీం అని ఆయన పక్షం, బస్వరాజ్ అని నా పక్షం. తన గొప్పతనానికి తానే ప్రతివాదిగా నిలబడి అంత పట్టుదలతో వాదించినవాణ్ణి ఎక్కడా ఎరగను. "నేను ప్రాక్టీసుల దినాం సలీంను ఆపిన. వాడేం చేస్తడో నాకు ముందే ఎరుక. ఎరుకుండి గూడ ఆపలేకపోయిన. గొప్పోడంటె గాడు. నన్ను నువ్వాపినవ్, ఖతం. ఇంకేం మాట్లాడ్తవ్?" అనేవాడు. "నువ్వు నేర్పితే ఆపిన. నేర్పిన దాన్ని మళ్ల దాటిపోయినవ్. సలీం పుట్టుకతో పొడుగు. నువ్వు ఏటా కొత్తగ పొడుగైనవ్" అనేవాణ్ణి. "పద్యం చెప్పకు పటేలా, లెక్క చెప్పు" అని కసిరేవాడు. వదిన లోపలి నుంచి చాయ్ తెచ్చి, "మీకు ఆట కంటె పంచాదే ఎక్కువైంది" అని మా ఇద్దరినీ కలిపి తిట్టేది. పంతంతో లేచిపోయినా మళ్లీ ఆదివారానికి ఆ బస్తాల మీదికే చేరేవాణ్ణి.

సలీంను కూడా నేను ఆపి చూశానని కుర్రవాళ్లు అన్నారు. అది కొంత అతిశయోక్తి. మా పొడుగు ఆటగాడు ఫౌళ్లు నిండి బయటికి వెళ్లినప్పుడల్లా నేను సలీం చేతుల కింద నిలబడ్డాను, అంతే. బంతి నా తల మీదుగా పోతుండేది. అబద్ధమెందుకు, బస్వరాజ్ మాట నిజమే. సలీంను ఆపడం మా తరంలో ఎవరి వల్లా కాలేదు. ఆయన ముందు నిలబడితే దేవుడు నన్ను పొట్టిగా పుట్టించాడన్న ఒక్క సంగతే తెలిసేది. ఆట ముగిశాక అలసట కూడా ఉండేది కాదు. బస్వరాజ్‌తో ఆడి వచ్చిన రోజు ఒళ్లు హూనమయ్యేది, మనసు మాత్రం పడుకోనిచ్చేది కాదు. రేపు ఇట్లా చేస్తే, అడుగు అక్కడ వేస్తే అని మంచం మీద పడుకునే ఆడుతుండేవాణ్ణి. నేను ఆటగాణ్ణయ్యానంటే అది ఆయన ఎదురుగా నిలబడటం వల్లనే. మా జట్టులోనూ, బీదర్ జట్టులోనూ ఇట్లాంటివారు ఇంకా ఉండేవారు. ఆయన సైకిల్ ఒక్క మా గుమ్మం ముందే ఆగలేదని తర్వాత తెలిసింది. మొదట కొంచెం ఈర్ష్యపడ్డాను కూడా.

ఖననం రోజున సలీం పట్నం నుంచి వచ్చాడు. లింగాయతుల ఆచారం ప్రకారం సమాధిలో ఆయన్ను కూర్చోబెట్టి మట్టి వేస్తున్నంతసేపూ దూరంగా, తల ఒకటి అందరికంటే ఎత్తున కనబడుతూ నిలబడ్డాడు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మాణిక్ భాయ్, కోర్టు పేరు గురించి పోరగాల్లు నన్నడిగిన్రు. నేను చెప్పొద్దు. నేను ఆయన పక్కన ఆడినోన్ని, ఆయన్ను ఆపనీకి ఎన్నడు ఎదురుంగ నిలవడలే. మీరే చెప్పుండ్రి. నా ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

వదినను పలకరించడానికి ఇంట్లోకి వెళ్లాను. నన్ను చూడగానే, "ఆదివారం నువ్వొస్తవని ఎదురుచూసిండు మాణిక్‌రెడ్డి. 'ఈసారి గట్టి జవాబు దొరికింది, పటేలు నోరు మూయిస్త, మల్ల ఈ పంచాది ఉండది' అని నవ్వుకుంట తిరిగిండు రెండొద్దులు" అంది. ఏం జవాబు వదినా అని అడిగాను. "నాకు చెప్పలె. నువ్వొచ్చినంక నీ ముంగటనె చెప్త అన్నడు."

అదేమై ఉంటుందా అని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన పక్షాన నిలబడి నాకు నేనే ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. ఏదీ నా నోరు మూయించలేదు. ఆయన చెప్పి ఉంటే తప్పక మూయించేది, ఆ నమ్మకం నాకుంది. ఏళ్ల తరబడి సాగిన వాదంలో ప్రతివాది రాని రోజున నేను గెలిచాను. ఇట్లాంటి గెలుపును ఆయనైతే సైకిల్ ఎక్కి వచ్చి మరీ తిప్పికొట్టేవాడు. పెనిమిటిని కోల్పోయిన వదినకూ, అన్నను కోల్పోయిన ఆ ఊరి కుర్రకారుకూ నా సానుభూతి. ఎదురు నిలిచేవాణ్ణి కోల్పోయిన నాకు ఎవరు సానుభూతి చెప్పాలో తెలియడం లేదు. ఆ క్రీడామూర్తికి చేతులు జోడించి, కుర్రవాళ్లు అడిగిన సాక్ష్యం ఇదుగో ఇస్తున్నాను. బోర్డు మీద ఎక్కించుకోండి.

జహీరాబాద్ కన్న ఆటగాళ్లలో అత్యుత్తముడు బస్వరాజ్.

ఈ ఒక్క వాక్యాన్ని ఆయన నా చేత ఏనాడూ చివరిదాకా అననియ్యలేదు. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఇవాళ మొత్తం రాశాను. రాసి, అలవాటు కొద్దీ ఆగాను.