బేడీలకు నోచుకోని లోనీ

టెనెసీలో చేపల గాలం ఒకటి దొంగిలించి, కోర్టు వాయిదా ఎగ్గొట్టి నెబ్రాస్కాకు పారిపోయిన లోనీ ప్రూట్, పదకొండేళ్లుగా పెద్ద బందిపోటులా బతికాడు. బారులో గోడకు వీపానించి తలుపు వైపే చూస్తూ కూర్చునేవాడు.

"నాకోసం టెనెసీ అంతా గాలిస్తోంది వెర్నా," అని బారు యజమానురాలి దగ్గర కోతలు కోసేవాడు.

మొన్న కారు వెనక లైటు వెలగలేదని పోలీసు ఆపితే పాత వారంటు బయటపడింది. లోనీ ఛాతీ విరుచుకుని, బేడీలకు తనే చేతులు ముందుకు చాచాడు. పోలీసు టెనెసీకి ఫోన్ చేసి, నవ్వాపుకుంటూ వచ్చాడు.

"చేతులు దించవయ్యా. నీకోసం అంత దూరం బండి పంపడం పెట్రోలు దండగట. ఇంటికి పో. ఆ లైటు బాగుచేయించుకో."

ఆ సాయంత్రం లోనీ బారులో తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.