ఒక్కసారి విడిపోతే చాలనుకున్న సీసా

తొంభైల చివర్లో బెంగళూరులోని ఒక రంగుల కంపెనీ ప్రయోగశాలలో కొత్తగా చేరాను. నూనె, నీళ్ళు కలిసి ఉండేలా చేయడమే నా పని. కంటికి కనపడని రంధ్రాలున్న సన్నటి పొడి వేసి గిలకొడితే, ఆ పొడి ప్రతి నూనె బొట్టు చుట్టూ గోడ కట్టేది. సీసా నిండా పాలలాంటి తెలుపు!

ఆ కలయిక ప్రయాణపు కుదుపులకు తట్టుకుంటుందో లేదో చూడాలని, ఒక మధ్యాహ్నం సీసాను ఒళ్ళో పెట్టుకుని ఊరి శివారులోని కాడుగోడిలో రైలెక్కాను. కిటికీలోంచి ఎండ పడి సీసా మెరుస్తోంది. చూస్తూ చూస్తూ నేనూ ఒక బొట్టునై ఆ తెలుపులో తేలిపోయాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

పసిపాప ఏడుపుకు మెలకువ వచ్చింది. ఒళ్ళో సీసా లేదు. ఎదుటి సీటులోని అవ్వ అందులోది గ్లాసులో వంచి మనవరాలి నోటికి అందిస్తోంది.

"జారిపోతా ఉంటే పట్టుకుంటినమ్మా. పాప ఆకలికి ఏడస్తా ఉండాది, రెండు గుక్కలు తాపిస్తా."

గ్లాసును ఒక్క దెబ్బతో కొట్టేశాను. రైలుపెట్టెలోని వాళ్ళంతా నామీద విరుచుకుపడ్డారు.

"అవి పాలు కాదండీ, నూనే నీళ్ళూ!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఏమప్పా, నూనె నీళ్ళు ఎక్కడన్నా ఇట్ల కలిసేదుండాదా?" అన్నాడొకాయన పక్కాయనతో.

సీసా ఎత్తి చూపాను. ఒక్క చుక్క నూనె కూడా పైకి తేలలేదు. చివరికి అవ్వే తన చీరమీద పడినదాన్ని వేళ్ళతో రుద్ది చూసింది.

"జిడ్డుగా ఉండాది!" అంటూ పాపను గుండెకు హత్తుకుంది.

ఆ సీసా పరీక్ష నెగ్గిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆ రైల్లో, ఒక్కసారి విడిపొమ్మని దాన్ని ఎంత బతిమాలుకున్నానో నాకే తెలుసు.