మా మేనత్త బూడిద దీపం

మొన్న శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వస్తే, గుమ్మం పక్కన పాత సామాన్లవాడి కోసం సిద్ధం చేసిన అట్టపెట్టె ఒకటి కనిపించింది. అందులో పిడి ఊడిన కుక్కరు, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, వాటి మధ్య తన వైరు తన మెడకే చుట్టుకుని పడి ఉన్న మా ఇత్తడి దీపం. నా మోకాళ్ళ సంగతి కూడా మరిచిపోయి గబుక్కున వంగి దాన్ని బయటకు తీశాను, కొంగుతో తుడిచాను, ఎప్పుడూ ఉండే బల్ల మీద ఎప్పటిలాగే పెట్టేశాను. అప్పటికి కాఫీ చల్లారిపోయింది.

కోడలు వంటింట్లోంచి వచ్చి చూసి నొచ్చుకుంది. ఆదివారం మా మనవరాలిని చూడడానికి పెళ్ళివారు వస్తున్నారు. ముందు గదిలో సిగరెట్టు బూడిద రాల్చుకునే వస్తువు కనిపిస్తే ఈ ఇంట్లో ఎవరికో పాడు అలవాటు ఉందనుకుంటారని ఆమె భయం. మంచి పిల్లే, నా మాత్రల వేళలు నాకంటే ఆమెకే బాగా గుర్తుంటాయి, ఆమె మీద నాకేమీ కోపం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో నేను తగ్గేది లేదు. శుక్రవారం పూట ఇత్తడి గడప దాటకూడదమ్మా అని అడ్డం వేశాను. నాకు అలాంటి పట్టింపులేవీ లేవు, ఆమెకూ ఆ సంగతి తెలుసు, ఆ పూటకు ఆ మాట నోటికి దొరికింది అంతే. శనివారానికి ఇంకొకటి దొరక్కపోదు.

ఆ దీపం ఎలా ఉంటుందో మన వయసు వాళ్ళలో కొందరికైనా తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. అన్నం పళ్ళెమంత ఇత్తడి పీట, దాని మధ్యలోంచి లేచిన కాడ, కాడ కొసన ఆకుపచ్చ గాజు గొడుగు, గొడుగు కింద బల్బు. పీటకు ముందువైపు చారెడంత గిన్నె, ఆ గిన్నెకు అడుగు బదులు ఒక చిన్న పలక. పక్కనున్న మీట నొక్కితే పలక కిందికి వాలి, బూడిదంతా లోపలి డబ్బాలో పడిపోయి, పలక మళ్ళీ టక్కున మూసుకునేది. దొరలు దిగే లాడ్జీల్లో అలాంటివి ఉండేవట. తిరుచానూరు దారిలో ఒక లాడ్జి మూతపడి సామాన్లు అమ్ముతుంటే మా నాయన దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయనకు ఏ పొగా అలవాటు లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

నాయనకు తిరుపతిలో దేవుడి పటాలు కట్టే అంగడి ఉండేది. అది ఎంత ఇరుకంటే కట్టిన పటాలు పెట్టడానికి కూడా చోటు చాలక, అవన్నీ మా ఇంటి ముందు గదికే వచ్చేవి. గోడల వెంబడి, కిటికీలకు అడ్డంగా, తలుపు వెనకా వరుసగా దేవుళ్ళు నిలబడి ఉంటే, వచ్చినవాళ్ళు ఇల్లనుకోవాలో గుడి అనుకోవాలో తెలియక గుమ్మంలోనే చెప్పులు విడిచి దండం పెట్టేవాళ్ళు. ఆ పటాల్లోని అమ్మవార్ల చీర అంచులకు చెమ్కీలు, పూసలు అతికించేది మా మేనత్త, నాయనకు స్వయానా అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఆమె చేతి పటమే కావాలని చిత్తూరు నుంచి, తిరుత్తణి నుంచి మనుషులు వచ్చి అడిగి కట్టించుకునేవాళ్ళు.

ఆ మేనత్త చుట్ట తాగేది. అత్తగారింట్లో ఉన్నప్పుడు పంటినొప్పికి ఎవరో నేర్పారట. పన్ను ఎప్పుడో ఊడిపోయింది, చుట్ట మాత్రం ఉండిపోయింది. రోజూ పని అయ్యాక పెరట్లో కట్టెల మోపు చాటున ముడుచుకుని కూర్చుని, ఎవరి అడుగు వినిపించినా చుట్టను గుప్పిట్లో దాచుకుని, దగ్గు వచ్చినా గట్టిగా దగ్గకుండా మింగేసేది. ఒకసారి ఆ కంగారులో చీర కాలింది, చెయ్యి కాలింది. మా ఇంటికి పెద్దరికం చేసే పెదనాయన మాత్రం మా ముందు గదిలోనే కాలు మీద కాలు వేసుకుని సిగరెట్టు తాగి, బూడిద కాఫీ గ్లాసులో రాల్చి పోయేవాడు, ఆ గ్లాసు మా అమ్మ కడిగేది. ఆయన తాగితే ఎవరికీ ఏ దేవుడూ గుర్తొచ్చేవాడు కాదు. మా మేనత్త దగ్గరికి వచ్చేసరికి పటాలున్న ఇల్లు, మడి, మర్యాద అన్నీ గుర్తొచ్చేవి. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాయన దీపం తెచ్చిన రోజు పెదనాయన ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు తన కోసమే తెచ్చాడనుకుని నవ్వుకుంటూ కుర్చీని దాని దగ్గరికి లాక్కున్నాడు కూడా. నాయన ఆ కుర్చీని మెల్లగా తన వైపుకు తీసుకుని, పెరటి తలుపు వైపు తిరిగి పిలిచాడు. "ఎన్నాళ్ళు దాంకుంటావు అక్కా? ఈడ కూసో. ఈడ వెలుగుండాది, బూడిద రాల్చేదానికి తావుండాది." పెదనాయన ముఖం చూడాలి ఆ వేళ! నేను చూశాను, అది నా అదృష్టం.

మేనత్త వెంటనే కూర్చోలేదు. ఆ దీపం వెలుగులో చెమ్కీలు అతికించేది గాని, చుట్ట దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కట్టెల చాటుకే పోయేది. కొన్నాళ్ళకు ఆమే ఒక దారి వెతుక్కుంది. పని ముగించి చేతులు కడుక్కుని వచ్చి, గదిలో ఉన్న పటాలన్నిటినీ ఒక్కొక్కటిగా గోడ వైపుకు తిప్పేది. తిప్పుతూ, "కాసేపు ఆ పక్కకి తిరుక్కోండి సామీ" అని బతిమాలుకునేది. చివరి పటం తిరిగాక కుర్చీలో దర్జాగా కూర్చుని చుట్ట ముట్టించేది, అయ్యాక మీట నొక్కి, పలక టక్కుమన్న తర్వాత లేచి, దేవుళ్ళందరినీ మళ్ళీ మా వైపుకు తిప్పేది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె వీపు నిటారుగా ఉండేది. అంతకు ముందు ఆమె అంత పొడుగు మనిషని నాకు తెలియదు.

నాకు పెళ్ళి ఈడు వచ్చాక పెదనాయన ఒక సంబంధం తెచ్చాడు. చిత్తూరు పక్కనున్న పల్లె వాళ్ళు, పొలాలున్నాయి, పిల్లవాడికి ఉద్యోగం ఉంది. తిరుపతి వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిచూపులు ఎట్లా ఉండేవో మీకు తెలుసు కదా, దర్శనం, తలనీలాలు, పిల్లను చూడడం, మూడూ ఒకే ప్రయాణంలో అయిపోవాలి. ఆ పొద్దు పెదనాయన ముందుగా వచ్చి దీపాన్ని అటక ఎక్కించమన్నాడు, మేనత్తను కంటబడకుండా ఉండమన్నాడు. కిటికీలన్నీ పటాలతో మూసుకుపోయి గది చీకటిగా ఉంటుంది, దీపం ఉండనీ అన్నాడు నాయన. మేనత్త మాత్రం నా పెళ్ళి చెడకూడదని రెండోసారి చెప్పించుకోకుండా పెరట్లోకి పోయింది. పోయేముందు ఆందోళనలో ఒక చుట్ట కాల్చి, పటాలన్నిటినీ చుట్టాలకు కనబడేటట్టు ఇటు తిప్పి, మీట నొక్కడం మరిచిపోయింది.

పిల్లవాడి తల్లి కొండ దిగి నేరుగా వచ్చింది, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమెకు ఎదురుగా తిరుత్తణి వ్యాపారి ఒకరు చేయించుకున్న నిలువెత్తు సుబ్రహ్మణ్యస్వామి పటం, చెమ్కీలు ధగధగ మెరుస్తూ. దాని ముందు వెలుగుతున్న దీపం, దీపం కింద ఇత్తడి గిన్నెలో మెత్తటి తెల్లటి బూడిద. ఆ తల్లి ఏమనుకుంటుంది చెప్పండి? "మురుగా, ఈడ కూడా దర్శనం ఇస్తివా సామీ" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మూడు వేళ్ళతో తీసి నుదుట పెట్టుకుంది, కొడుక్కి పెట్టింది, నన్ను దగ్గరికి పిలిచి నాకూ పెట్టింది, మిగిలిన చిటికెడు ప్రసాదమని నోట్లో వేసుకుంది.

మా వాళ్ళలో ఒక్కరు కిక్కురుమంటే ఒట్టు. అమ్మ కేసరి పళ్ళెం బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి పోయింది. నాయన నేల చూపులు చూశాడు. పెదనాయన కళ్ళతోనే అందరి నోళ్ళూ కుట్టేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఘాటు వాసన నేరుగా నా ముక్కులోకి కొడుతోంది. అలాగే ఊరుకుని ఉంటే ఆ పూటే తాంబూలాలు మార్చుకునేవాళ్ళు. అప్పుడు పెరటి తలుపు తెరుచుకుని మేనత్త తడి తువాలుతో లోపలికి వచ్చింది. "అది విబూది కాదు తల్లీ, నా సుట్ట బూడిద. సామి పేరు సెప్పుకొని నువ్వు మోసపోతే ఆ పాపం నాది. తుడుసుకో, నోరు పుక్కిలించు."

ఆమె తువాలు తీసుకుని తుడుచుకుంది. మేనత్తను కిందికీ మీదికీ చూసింది. వెంట వచ్చిన మగవాళ్ళే భగ్గుమని లేచి, కేసరి ముట్టకుండా వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే పెదనాయన కబురు మోసుకొచ్చాడు. పిల్ల నచ్చిందట. కానీ పెళ్ళికి ముందే మేనత్తను ఆమె అత్తగారి పల్లెకు పంపేయాలట, ఇక మీదట ఆమె ఏ శుభకార్యంలోనూ కనబడకూడదట, ఆ దీపాన్ని ఇంట్లోంచి తీసేయాలట. పల్లెలో ఆమెకు ఎవరున్నారు? పైకప్పు కూలిన ఇల్లు తప్ప ఏమీ లేదు. నాయన ఆడపిల్ల తండ్రి, కాదనే ధైర్యం చాల్లేదు. మేనత్త అప్పటికే మూట కట్టుకుని కుర్చీ అంచున, ఒళ్ళో మూటతో కూర్చుని ఉంది. వీపు మళ్ళీ వంగిపోయింది. ఆ వంగిన వీపు చూశాక నాకు ఇంక పెద్దా చిన్నా కనిపించలేదు.

నేను మూట లాక్కున్నాను. "మా అత్త యాడికీ పోదు పెదనాయనా. పొయ్యేదుంటే ఈ సమ్మందమే పోనీ" అన్నాను. ఆడపిల్ల నోరా అది అని ఆయన గుడ్లురిమాడు, ఇంక నాకు మొగుడు యాడ దొరుకుతాడో తానూ సూస్తానన్నాడు. చూశాడు పాపం, మా పెళ్ళిలో మొదటి పంక్తిలో కూర్చుని వడలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు.

అది తర్వాతి మాట. నేను టీచరు చదువు చదివి బడిలో ఉద్యోగంలో చేరాక, మా ఆయన నన్ను చూడడానికి వచ్చారు. ఈసారి ఎవరినీ ఎక్కడా దాచలేదు, మేనత్త తన కుర్చీలోనే ఉంది. ఆయన నా వైపు చూడడం మాని ఆ దీపం ఎదుట కూర్చుని, మేనత్తను అడిగి మరీ మీట నొక్కి చూశారు, టక్కుమంటే మురిసిపోయి మళ్ళీ నొక్కారు, మళ్ళీ నొక్కారు. "ఉండు నాయనా, బూడిదన్నా పడనీ" అని మేనత్త విసుక్కుంది. ఈ మనిషైతే ఫరవాలేదని నేను తలుపు చాటున అప్పుడే తేల్చుకున్నాను.

పొగ మంచిదని నేననడం లేదు, ఆ మాట ఎవరన్నా అంటే నేనే తిట్టిపోస్తాను. ఆ చుట్టే చివరకు మేనత్త ఊపిరితిత్తుల్ని తినేసింది, ఆ దగ్గు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో ఆమె తర్వాత ఎవరూ తాగలేదు, తాగనివ్వను కూడా. చుట్ట పోవాల్సిందే, పోయింది, పీడా పోయింది. కానీ ఆమె కుర్చీ ఎందుకు పోవాలి?

ఇప్పటి ముందు గదులు చూస్తున్నాను కదా. సోఫా, టీవీ, గోడకు రంగు, అన్నీ అద్దంలా ఉంటాయి, ఇది ఫలానా మనిషిదని చెప్పుకునే వస్తువు ఒక్కటీ ఉండదు. చుట్టాలొస్తే చెవుడున్న తాతను, నోరున్న అవ్వను లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేస్తారు. మా కాలంలో మనిషిని దాచాలంటే కేకలు వేసేవాళ్ళు, తిరగబడడానికి వీలుండేది. ఇప్పుడు ప్రేమగా దాస్తారు, ఎలా తిరగబడాలో తెలియదు. దీపం గొడవ అయ్యాక ఆ శుక్రవారమే మా కోడలు నా కాళ్ళకు నూనె రాస్తూ, ఆదివారం నీకు మోకాళ్ళ నొప్పి ఎక్కువవుతుందేమో, లోపల పడుకుంటావా, వాళ్ళు వెళ్ళాక పిలుస్తాను అంది. పాపం ఏ దురుద్దేశమూ లేదు. నా నోటికి భయపడింది, అంతే. నేను కాళ్ళు దగ్గరికి లాక్కుని గోడ వైపుకు తిరిగాను.

ఆ సాయంత్రం మనవరాలు పని నుంచి వచ్చి దీపం ముందు నేల మీద కూర్చుని, అమ్మకూ నీకూ ఏమి గొడవని అడిగింది. మీకు చెప్పిందంతా దానికీ చెప్పాను, కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటూనే ఉంది. మనవరాలు మీట నొక్కింది. పలక వాలింది, ఏమీ పడలేదు, టక్కున మూసుకుంది. తర్వాత లేచి, పుస్తకాల కింద నలుగుతున్న మేనత్త కుర్చీని లాక్కొచ్చి దీపం పక్కన వేసింది.

"ఆదివారం ఈడ కూసో అవ్వా" అంది.

దానికి మా నాయన మాట ఎలా తెలుసా అనుకున్నాను, నేనే ఇప్పుడు చెప్పాను కదా, అక్కణ్ణుంచే పట్టుకుని ఉంటుంది. కోడలు వచ్చి కుర్చీ మీది దుమ్ము తుడిచింది. నేను కూర్చున్నాను. మోకాళ్ళు నొప్పిగానే ఉన్నాయి, వీపు మాత్రం నిటారుగా పెట్టుకున్నాను.