వాసన లేని సబ్బు చేసిన అక్క

మా అక్క పోయింది. సొంత అక్క కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. పెందుర్తిలో కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. ఆ పొద్దున్న నేను పనిచేసే స్కూలుకి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర నిలబడి "గొడుగు తీసుకెల్లు సెల్లీ, వాన వచ్చేలాగుంది" అంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టకముందే పక్కింటావిడ ఫోన్ చేసింది. నేను వచ్చేసరికి ఆవిడని ముందుగదిలో చాప మీద పడుకోబెట్టేశారు. గుండె అన్నారు. వాన రాలేదు.

ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆవిడ గురించి మంచిగానే మాట్లాడారు. ప్రార్థనాపరురాలు అన్నారు, ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టేది అన్నారు. సబ్బుల ఊసు ఒక్క ముక్క రాలేదు. ఆవిడ జీవితంలో సగం ఆ సబ్బులే అయినప్పుడు వాటిని వదిలేసి మాట్లాడితే నాకు ఒళ్ళు మండింది. అందుకే రాస్తున్నాను. ఓదార్పు దొరుకుతుందేమోనని చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. అది నా దగ్గర లేదు.

మా బావగారు ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేస్తారు. ఆ షెడ్డులో సాయంత్రం చేతులు కడుక్కోవడం అంటే ముందు కిరసనాయిలు, తర్వాత బట్టలుతికే పొడి, పైన గుప్పెడు రంపపు పొట్టు. గ్రీజు పోయేది, దానితో పాటు చర్మమూ పోయేది. అరచేతులు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చేవి. పులుసు అన్నం కలుపుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆయన అది కారం ఎక్కువై అన్నట్టు నటించేవారు. అక్క కారం తగ్గిస్తూ పోయింది. చివరికి మేమందరం పథ్యం కూరలు తిన్నాం గానీ ఆయన కళ్ళు మాత్రం ఆరలేదు.

అప్పుడు మొదలుపెట్టింది ఆవిడ సబ్బు. ఎలమంచిలిలో వాళ్ళ నాన్నగారిది నూనె గానుగ. నూనె అంటే ఆవిడకి భయం లేదు. కాస్టిక్ సోడా అంటే మాత్రం భయం, ఆ భయం చివరిదాకా పోగొట్టుకోలేదు. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, వెనక వరండాలో గాలి ఆడేచోట కూర్చుని, నీళ్ళల్లో సోడా కొంచెం కొంచెంగా వేసేది. సోడా మీద నీళ్ళు ఎప్పుడూ పొయ్యలేదు. అల్యూమినియం గిన్నె దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. బావగారు షెడ్డు నుంచి తెచ్చిన ప్లాస్టిక్ పైపు ముక్కలే అచ్చులు. బిళ్ళలు గుండ్రంగా, ఇడ్లీల్లాగా వచ్చేవి. నేను చట్నీ ఏదని అడిగేదాన్ని.

మొదటి విడతలోనే తప్పు జరిగింది. పంటినొప్పికి లవంగ నూనె మంచిది కదా, చేతుల నొప్పికీ మంచిదే అయ్యుంటుంది అనుకుంది. సీసా ఎత్తి కొలత లేకుండా పోసేసింది. ఇల్లంతా బిర్యానీ వాసన. వీధి వీధంతా వచ్చి మెచ్చుకుని వెళ్ళింది. బావగారు ఆ సబ్బు పట్టుకెళ్ళి రోజూ వాడారు. బాగుందా అని అడిగితే బెమ్మాండం అన్నారు.

కొన్నాళ్ళకి ఆయన స్పూనుతో అన్నం తినడం మొదలుపెట్టారు. దొరబాబు అయిపోయాడని అక్క వేళాకోళం చేసింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా ముందే చెయ్యి లాగి, తిప్పి చూసింది. వేళ్ళ మధ్య పొక్కులు, పగిలినవి, ఎర్రగా.

"ఏటిది? ఎప్పట్నుంచి ఇలగున్నాయి?"

"ఏదో... వేడి సేసుంటాది."

"సబ్బుతోటే కదా? నా సబ్బుతోటే కదా? సెప్పడానికి నోరు నేదేటి నీకు?"

"నువ్వు అంత కట్టపడి సేసినావు. పారేమంటావేటి?" అన్నారాయన.

ఆవిడ ఏడుస్తూనే ఆ బిళ్ళలన్నీ సంచిలో వేసి మూతి కట్టేసింది. నాకైతే ఇద్దరికీ చెరొకటి వెయ్యాలనిపించింది. మంట పుడుతున్నా ప్రేమ అనుకుని నోరు మూసుకున్న మనిషిని ఏం చెయ్యాలి?

ఆ తర్వాత ఆవిడ మనిషే మారిపోయింది. చిన్న డిజిటల్ కాటా కొనుక్కుంది. సువాసన నూనె చుక్కలు లెక్కపెట్టి కాకుండా తూచి వేసేది, ఎందుకంటే ఒక్కో సీసా చుక్క ఒక్కో సైజు. అమ్మేవాళ్ళు ఏ నూనె ఎంతకి మించకూడదో కాగితం ఇస్తారు, ఆ కాగితం లేని సీసాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఏ కొత్త సబ్బయినా ముందు తన మోచేతి లోపలి మడత మీద రుద్ది కడిగి ఒక రోజు ఆగేది. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె చేతుల సబ్బు దగ్గరికే రాలేదు. మా చర్చి సంఘంలో ఒక కడుపుతో ఉన్న అమ్మాయి లావెండర్ సబ్బు కావాలని ముద్దుగా అడిగితే వాసన లేనిది చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది.

"అన్నీ మొక్కల్లోంచి వచ్చినవే కదాంటీ, ఏటవుద్ది?" అంది.

"గన్నేరు కూడా మొక్కేనమ్మా" అంది అక్క. "వాసన అడిగేది ముక్కు. సెయ్యి ఎప్పుడూ అడగదు."

ఆ మాట ఇంకెన్నిసార్లు అందో. బావగారి సబ్బు మాత్రం ఎప్పుడూ వాసన లేనిదే. కొబ్బరి నూనె, తవుడు నూనె, కాస్త ఆముదం. నూనె మోతాదు కొంచెం ఎక్కువ ఉంచేది, చేతుల మీద మెత్తదనం మిగలాలని. షెడ్డులో కిరసనాయిలు మాన్పించి, వంటనూనెతో గ్రీజు తుడుచుకుని ఆ సబ్బుతో కడుక్కోమని ఒట్టు వేయించుకుంది. కొన్ని నెలలకి ఆయన చేతులు మనిషి చేతుల్లా అయ్యాయి. ఒకరోజు చేపల పులుసు ఆయన ఐదు వేళ్ళతో కలుపుకు తింటుంటే అక్క తినడం మానేసి చూస్తూ కూర్చుంది. "ఏటలా సూత్తన్నావ్?" అన్నారాయన. "సేపలు అయిపోతన్నాయని" అంది. అంత సంతోషంగా ఆవిడని నేను మళ్ళీ చూడలేదు.

మన విశాఖ గాలి సంగతి మీకు తెలుసు. ఉప్పూ తేమా కలిసి దేన్నీ బతకనివ్వవు. తవుడు నూనె సబ్బు తొందరగా చెడుతుంది. అందుకని నూనె సీసా మూత తీయగానే అందులో కొంచెం విటమిన్ ఇ, కొంచెం రోజ్‌మేరీ ఆకు సారం కలిపేది. యాంటీఆక్సిడెంట్లు అంటారట. అవి ఉంటే సబ్బు ఏళ్ళ తరబడి ఉంటుందా అని నేనడిగాను.

"ఉండదు. ఇది పురుగునీ సంపదు, బూజునీ ఆపదు. నూనె ముసలిదయ్యేది కొంచెం ఆలీసం సేత్తాదంతే. ఎక్కువ పోసినావంటే ఆ పాటి పని కూడా సెయ్యదు."

సబ్బు బిళ్ళలు నెల పైనే గాలికి ఆరాలి. అవి ఆరబెట్టుకోవడానికి బావగారు ఒక స్టాండు చేసిచ్చారు. ఆటోనగర్ మనిషి కదా, ఇనుముతో చేశారు. రాత్రిళ్ళు షెడ్డులోనే ఉండి, కమ్మీ కోసి, వెల్డింగ్ పెట్టి, పైన ఆవిడ పేరులో మొదటి అక్షరం కూడా వంచి అతికించారు. దాని మీద ఆరిన మొదటి విడతకే అడుగున నారింజ రంగు చారలు వచ్చాయి. తుప్పు అంటుకుందేమో అనుకుని తుడిచాం. తుప్పు కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెడిన నూనె వాసన. ఇనుము తగిలితే సబ్బులో నూనె తొందరగా పాడవుతుందట. అక్క బజారుకి వెళ్ళి వెదురు చాపలు తెచ్చి ప్రతి అర మీదా పరిచింది.

"మీ బావతో అనకే. ఉక్కు ఊర్లో ఇనుం పనికిరాదని ఏ మొకం ఎట్టుకుని సెప్పను?"

సొగసు కోసం చాపలు వేసింది అనుకున్నారాయన. ఆయన పొక్కులు దాచారు, ఈవిడ చారలు దాచింది. ఇద్దరూ ఇద్దరే అని నేను నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆవిడ పోయే ముందు వారమే ఒక విడత కోసి స్టాండు మీద పేర్చింది. మట్టి ఇచ్చిన రోజు ఇంటినిండా జనం. కూర్చోడానికి చాలక ఎవరో ఆ వెదురు చాపలు లాగి వరండాలో పరిచారు, బిళ్ళలు మళ్ళీ ఇనుము మీదే సర్దేశారు. మంచి మనసుతోనే చేశారు. ఎవరో నాకు ఈనాటికీ తెలీదు. ఆ రోజుల్లో సబ్బుల వైపు చూసిన వాళ్ళెవరు?

పోయిన నెల బావగారు పైకి వచ్చారు. ఎప్పుడూ మెట్లెక్కి రారు. చేతిలో ఒక బిళ్ళ. అడుగున నారింజ చారలు, అంచుల్లో జిడ్డు.

"అన్నీ ఇలగే అయిపోయినాయమ్మా. మీ అక్క సేసినవి ఎప్పుడైనా ఇలగైనాయా?"

ఆయన చేసిన స్టాండు వల్లే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"తుఫాను గాలి బావగారూ. ఈ ఏడు తేమ ఎక్కువ" అన్నాను.

తలూపారు. అప్పుడు చూశాను ఆయన చేతులు. మళ్ళీ నెర్రెలు. గీతల్లో తెల్లగా బట్టల పొడి ఇరుక్కుని ఉంది. బొటనవేలి పక్కన చీలిక లోపలి ఎరుపు కనిపిస్తోంది. కిరసనాయిలు వాసన వస్తోంది. ఒట్టు వేయించుకున్న మనిషి లేదు కదా.

"బావగారూ, నేను చేస్తాను. అక్క పక్కన కూర్చుని చూసినదాన్నే. కాటా ఉంది, నూనెలున్నాయి. అచ్చం అలాగే వస్తుంది. నెలన్నరలో బిళ్ళలు ఆరతాయి, తర్వాత చేతులు మానిపోతాయి" అన్నాను. నాకు అంతకంటే ఏమీ తోచలేదు. చెయ్యగలిగింది ఒక్కటి దొరికిందని లోపల కొంచెం ప్రాణం లేచొచ్చింది కూడా.

ఆయన బొటనవేలితో బిళ్ళ అంచు జిడ్డు తుడిచారు.

"నాకు తెలుసమ్మా, నీకొచ్చు. నువ్వు సేత్తే మానిపోతాయి. అందుకే వొద్దు."

నాకు అర్థం కాలేదు.

"మీ అక్క నేకపోయినా మానిపోయే సేతులు నాకొద్దమ్మా" అన్నారు.

మా ఆయన చెప్పి చూశారు, పాస్టరుగారు చెప్పి చూశారు. డాక్టరు రాసిచ్చిన మందు మూత తీయకుండా కిటికీలో ఉంది. నేను మాత్రం ఇంక అడగను. ఏమని అడగను?

ఆయన పైకి వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్న పై నుంచి చూశాను. బావగారు బండి తీశారు. హ్యాండిల్ పట్టుకోలేక రెండు పిడులకీ పాత చీర పీలికలు చుట్టుకున్నారు. సాయంత్రం వచ్చి బండి గేటు లోపల పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. కింది వాటాలో లైటు వెయ్యలేదు. బండి పిడుల మీద ఆ పీలికలు అలాగే ఉన్నాయి, వేళ్ళు పట్టుకున్న చోటల్లా ఎర్రగా తడిసి.