డ్రైవరన్న బిగించిన కంప్యూటర్

మొన్న సోమవారం పొద్దున మార్కాపురం బస్టాండులో టికెట్లు కొడుతుండగా ఫోను మోగింది. గిద్దలూరులో మా డ్రైవరన్న అద్దెకుండే ఇంటి ఓనరమ్మ. "అమ్మా, మీ డ్రైవరు పోయినాడమ్మా. కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. టిఫిను గిన్నె కోసమని నేను పోతే అట్ల ఉన్నాడు" అంది. బస్సు నిండా జనం. ఒక పెద్దాయన "కంభానికి రెండు" అంటూ నా ముందు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఆయనకు టికెట్లు కొట్టి ఇచ్చాను. తర్వాతివాళ్ళకూ ఇచ్చాను. కంభం దాటేదాకా నాకు ఏడుపు రాలేదు.

నేను కండక్టర్ని. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే బస్సులో పదకొండేళ్ళు ఆయన స్టీరింగు దగ్గర, నేను వెనక. ఇంట్లోవాళ్ళతో కంటే ఎక్కువ గంటలు ఆయన వీపు చూస్తూ గడిపాను. ఆయన భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. హనుమంతునిపాడు దగ్గర పల్లెలో అన్న కుటుంబం ఉంది గానీ రాకపోకలు తక్కువ. ఆయన గురించి చెప్పేవాళ్ళు ఇంకెవరూ ఉండరని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక ఎండాకాలం నల్లమల ఎక్కుతుండగా మా బస్సు ఆగిపోయింది. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్ళు నన్ను తిడుతున్నారు. డ్రైవరన్న దిగిపోయి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"అన్నా, జనం అరుస్తాండారు. బానెట్ ఎత్తు" అన్నాను.

"ఉండుమ్మా. ఎప్పుడు ఆగింది, ఎట్ల ఆగింది, ముందు గుర్తు చేసుకోనీ. అన్నీ ఒక్కసారే ఇప్పితే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు. ఒక్కసారికి ఒక్కటే చూడాల."

అలా కాసేపు కూర్చుని, లేచి, నేరుగా డీజిల్ పైపు దగ్గరికి పోయాడు. దాంట్లో గాలి దూరింది. అరగంటలో బస్సు కదిలింది. తిట్టినవాళ్ళ వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

తర్వాత షుగరు వల్ల పాదం పుండు పడింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. డిపోలో శాలువా కప్పి పంపించాం. స్టేషన్ రోడ్డు వెనక రెండు గదుల్లో ఉండేవాడు. నెలకోసారి పోయి చూసి వచ్చేదాన్ని. ఎప్పుడు పోయినా కిటికీ దగ్గరే కనిపించేవాడు. "ఇప్పుడు పోయింది నంద్యాల బండి. ఏడు నిమిషాలు లేటు" అనేవాడు. ఇంజను చప్పుడు విని నడిపేది ఎవరో కూడా చెప్పేవాడు.

పోయిన ఏడాది ఒకరోజు వెళ్ళేసరికి గది నిండా అట్టపెట్టెలు.

"ఏందన్నా ఇదంతా?"

"బండి" అన్నాడు.

ఫోనులో ఏదో వీడియో చూశాడట. కంప్యూటర్లో బస్సు నడిపే ఆట. దానికి మామూలు కంప్యూటర్ చాలదు, కుర్రకారు ఆటలకు వాడే బలమైనది కావాలి. కింద పెట్టుకోవడానికి పెడళ్ళు, బల్లకు బిగించే స్టీరింగు కూడా తెప్పించాడు. "పోయింది క్లచ్ కాలేలే. ఈ బండ్లకు క్లచ్ లేదు" అని నవ్వాడు.

"తయారుగా ఉండేది కొనుక్కోకపోయినావా?"

"ఎవరో బిగించిన బండ్లే నడిపినా ఇన్నేళ్ళు. ఒక్కటన్నా నన్ను బిగించుకోనీ."

వీడియోలు చూస్తూ, టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, తొమ్మిది రోజులు కూర్చుని బిగించాడు. తప్పు పోకుండా ప్రతి మరనూ మూడుసార్లు తడిమి చూశాడట. వాళ్ళ అన్న ఫోన్ చేసి, ఈ వయసులో చిన్నపిల్లోళ్ళ ఆటలేందని కోప్పడ్డాడు. ఈయన "ఊ" అని పెట్టేశాడు.

తీరా చూస్తే అది నడవలేదు. అంటే మొదలవుతుంది, బస్సు స్టాండులోంచి బయటికొస్తుంది, పదిహేను ఇరవై నిమిషాలు పోతుంది. అంతలో తెర మొత్తం నీలంగా మారి, కంప్యూటర్ దానంతటదే ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది. సామాన్లు అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే లోపలున్నదంతా చెరిపి మళ్ళీ ఎక్కించమన్నారు. మూడుసార్లు ఎక్కించాడు. మూడుసార్లూ అదే. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, బండి దారిలో ఆగిపోతాంది. వస్తావా?"

"నాకేం తెలుసన్నా కంప్యూటర్ గురించి?"

"నీకేం తెలియాల్సిన పన్లేదు. ఎన్ని నిమిషాలకు ఆగిందో చూసి చెప్పు. చాలు."

సెలవు రోజు పోయాను. వెనక మంచం మీద కూర్చున్నాను. ఆయన స్టీరింగు దగ్గర. మొదట వేడేమోనని పెట్టె పక్క తలుపు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పాడు. పద్దెనిమిదో నిమిషంలో ఆగింది. నాకు ఉసూరుమనిపించింది. ఆయన ముఖం మాత్రం వెలిగింది. "వేడి కాదు. ఒకటి తేలిపోయింది" అన్నాడు. తర్వాత కరెంటు మీద అనుమానపడి, ఓనరమ్మ వాళ్ళ వంటగది ప్లగ్గు నుంచి పొడుగు వైరు లాగాడు. మళ్ళీ ఆగింది. "కరెంటూ కాదు."

మిగిలింది ర్యామ్. చేసే పనికి కావాల్సిన సంగతులన్నీ కంప్యూటర్ అప్పటికప్పుడు గుర్తుపెట్టుకునేది అందులోనేనట. వేలెడంత వెడల్పున్న పలకలు, రెండున్నాయి. ఒకటి తీసి ఒక్కదానితోనే నడిపి చూద్దామన్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఏదో తెలియదు. నా నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి ఒకదానికి అంటించాను. ఆయన దాన్నే లోపల పెట్టాడు. ఇరవై నిమిషాలు దాటింది. ముప్ఫై అయింది. ముక్కాలు గంటకు కూడా బస్సు పోతూనే ఉంది. బొట్టు లేనిది మార్చి పెడితే ఆరో నిమిషంలోనే తెర నీలమైంది.

ఆ పాడైన పలకను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను బిగించిన కాడ తప్పు లేదమ్మా. వచ్చిందే అట్ల వచ్చింది" అన్నాడు. ఆ తొమ్మిది రోజుల పనిలో తనే ఎక్కడో తప్పు చేశానని ఎంత కుమిలిపోయాడో నాకప్పుడు తెలిసింది. అమ్మినవాళ్ళు పది రోజుల్లో వేరేది పంపారు.

ఆ సెలవు రోజు సాయంత్రమే, బాగున్న ఒక్క పలకతోనే గంటసేపు బస్సు నడిపాడు. ఏదో చలిదేశపు ఊరు, తడి రోడ్లు. మలుపు మలుపుకీ ఆయన భుజం నాకు తెలిసినట్టే వంగింది. "ఈ ఊర్లో దారిన పోయేటోళ్ళు ఎవరూ చెయ్యెత్తరు చూడు. ఎక్కినాక నోరు తెరవరు" అన్నాడు. "హాయి కదన్నా" అన్నాను నేను. ఆయన తర్వాతి స్టాపులో బస్సు ఆపి తలుపు తెరిచాడు.

కంప్యూటర్ బాగుపడింది, నేను పోవడం తగ్గింది. నా డ్యూటీ మార్కాపురం వైపు పడింది. ఇంట్లో అత్తకు ఒంట్లో బాగుండటం లేదు. రెండు నెలలైంది. ఒకరోజు ఫోన్ వచ్చింది. "మళ్ళీ ఆగిపోతాందమ్మా."

డ్యూటీ దిగి, ఇంటికి కూడా పోకుండా వెళ్ళాను. మంచం మీద కూర్చుని టైము చూస్తున్నాను. ఇరవై నిమిషాలు. నలభై. గంట. ఆగలేదు.

"ఏ టైముకు ఆగిందన్నా? ఎట్ల ఆగింది?"

ఆగిన బండి గురించి ఆయన తడుముకోవడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "ఆగలేదమ్మా. ఆగిందంటే వస్తావని."

నేను అలాగే కూర్చుని ఉండాల్సింది. ఒక టీ పెట్టి ఇచ్చి, ఆ డిపో సంగతీ ఈ డిపో సంగతీ చెప్పి ఉండాల్సింది.

"అబద్ధం చెప్పి పిలుస్తావా? ఇంట్లో అత్తకు జ్వరం. నేను ఎన్ని దిక్కుల ఉరకాల?" అన్నాను.

బస్సు పక్కకు తీసి ఆపి, నా వైపు తిరిగాడు. "తప్పేనమ్మా. పో తల్లీ, ఇంటికి పో."

ఆ తర్వాత ఫోన్ చేయలేదు. నేను చేసినప్పుడు మాత్రం "బాగుంది, ఆగడంలే" అని పెట్టేసేవాడు. బస్సు స్టేషన్ రోడ్డు మీదుగా పోయినప్పుడల్లా సందు చివర ఆయన కిటికీ కనబడేది. అప్పటికి మా బండ్ల వైపు చూడటం మానేశాడు. కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్న వీపు మాత్రమే కనిపించేది. వచ్చే సెలవుకు పోదాం అనుకునేదాన్ని.

సోమవారం డ్యూటీ ముగించుకుని నేను గిద్దలూరులో ఆయన గదికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికే వాళ్ళ అన్న కొడుకు వచ్చి ఆయన్ని ఊరికి తీసుకుపోయాడు. గది కడిగినట్టున్నారు, నేల ఇంకా తడిగా ఉంది. చంక కర్రలు మూలన ఉన్నాయి. ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడి, "దాన్ని ఎట్ల ఆపాలో మాకెవరికీ తెలీలేదమ్మా. పీకితే చెడిపోతదేమోనని ముట్టుకోలే" అంది.

తెర మీద బస్సు స్టాపులో ఆగి ఉంది. రోడ్డు అంచుకు ఆనించి, అద్దంలో చూసి కొలిచినట్టు నిలబెట్టాడు. హ్యాండ్ బ్రేకు గుర్తు ఎర్రగా వెలుగుతోంది. తలుపు తెరిచి ఉంది. గుండెనొప్పి మొదలయ్యాక కూడా బండిని పక్కకు తీసి, ఆపి, తలుపు తెరిచే పోయినట్టున్నాడు. బస్సులో పాతికమంది దాకా కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచి ఒక్కరూ దిగినట్టు లేదు.

"ఆపేస్తావా అమ్మా?" అంది ఓనరమ్మ.

"కాసేపు ఉండనీ అక్కా" అన్నాను.

ఆ ఊర్లో సన్నగా వాన పడుతోంది. వైపరు అద్దం మీద అటూ ఇటూ పోతోంది. నేను మంచం మీద కూర్చుని చూస్తుండగానే అక్కడ పొద్దు వాలి, వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. గొడుగు పట్టుకున్న ఒకామె నడుచుకుంటూ స్టాపులోకి వచ్చింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఎక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది. అందరిలాగే ముందుకు చూస్తూ ఉండిపోయింది.