సేనాపతికి ఉయ్యాల కట్టిన మా అత్త

మా అత్త పోయింది. శుక్రవారం పొద్దన, కాఫీ తెస్తానని నేను ఆస్పత్రి కింద క్యాంటీనుకు దిగి, మళ్ళీ పైకి వచ్చేలోపల. ఆమె తలగడ పక్కన 'ఎర్రగవని' తొమ్మిదో పుస్తకం ఉండాది. ఆమె గుర్తుకు పెట్టుకున్న బస్సు టికెట్టు దాంట్లోనుంచి బయటికి కనిపిస్తా ఉండాది. డాక్టరు ఏందో చెప్తా ఉన్నాడు గానీ నా కండ్లు ఆ టికెట్టు మీదనే. ఇంగా కొన్ని అధ్యాయాలు మిగిలుండాయి. ఇన్నేండ్లు కాచుకోని, ఇప్పుడా అత్తా పోయేది అని నాకు ముందు కోపమొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఇది చదివే మీలో ఎర్రగవని పిచ్చోళ్ళు శానామంది ఉంటారని నాకు తెలుసు. తొమ్మిదో పుస్తకం ఇంగా ముగించనోళ్ళు ఈడనే ఆగిపోండి, పోయి చదివేసి రండి. తర్వాత నన్ను తిట్టుకుంటే నేను పలకను. అసలు ఆ పుస్తకాల పేరే విననోళ్ళకు రెండు మాటల్లో చెప్తాను. కొండ మీద ఒక రాజ్యం. ఆ కోటకు ఎర్ర రంగు గవని, అంటే పెద్ద తలుపుల కోటవాకిలి. తాతల కాలం నుంచి అది తెరుచుకోలే, రాకపోకలన్నీ వెనక చిన్నవాకిలి నుంచే. దాన్ని ఎవరు తెరుస్తారనేదే కథ. అంతే! ఈ ఒక్కదానికోసం ఆ రాసేటాయన తొమ్మిది లావు పుస్తకాలు రాసినాడు. ఆయన రాసేలోపల మా ఇంట్లో ఒక పెండ్లయింది, ఇద్దరు పిల్లోళ్ళు పుట్టి మీసాలొచ్చినాయి, అత్తాకోడండ్లకు లెక్కలేనన్ని జగడాలయినాయి.

ఆ పెండ్లి నాదే. మాది గూడూరు, మా నాయన నిమ్మకాయల మండీలో పనిచేసేవాడు. తిరుపతి నుంచి పెండ్లిచూపులకు వచ్చినారు. అందరూ వంటొచ్చునా, కుట్టొచ్చునా అని అడగతా ఉంటే మా అత్త గమ్మున కూర్చోని, ఉన్నట్టుండి "ఎర్రగవని సదివినావా అమ్మే?" అనింది. "రెండో పుస్తకం దాకా చదివినాను, మూడోది మా ఊర్లో దొరకలే" అన్నాను. ఆమె మొకం చూడల్ల! "మూడోది నా కాడ ఉండాది. పెండ్లయినాక ఇస్తా" అనింది. నిజం చెప్తా ఉన్నా, ఆ మాటకే నేను సరే అన్నాను. మా ఆయన్ని సరిగ్గా చూసింది పీటల మీద కూర్చున్నాకనే. ఈ మాట ఆయనకు ఇప్పటికీ మంటే.

మా అత్తామామలకు తిరుమలలో బొమ్మలు, గాజులు అమ్మే చిన్న అంగడి. పొద్దన్నే ఘాట్ రోడ్డు బస్సెక్కేది మా అత్త. ఆ మలుపులకు బస్సులో సగం మంది నిమ్మకాయ ముక్కు కాడ పెట్టుకోని కండ్లు మూసుకుంటే, ఈమె మాత్రం ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకోని కూర్చునేది. ఎట్ల చదవతావత్తా, కడుపులో తిప్పదా అంటే, "వాళ్ళు ఈడ కొండెక్కతా ఉండారు, నేను ఆడ కొండెక్కతా ఉండా. నాకు ఈ మలుపులు యాడ తెలస్తాయి?" అనేది.

కొత్త పుస్తకం వస్తే ఇంటికి ఒకటే కొనేవాళ్ళం. పొద్దన బస్సులో ఆమె చదవల్ల, ఇంటికి తెచ్చినాక సందకాడ నేను చదవల్ల. ఆమె గుర్తు బస్సు టికెట్టు, నా గుర్తు తలపిన్ను. మా అత్త పెట్టిన చట్టం ఏమంటే, కోడలి పిన్ను అత్త టికెట్టును దాటకూడదు. దాటినావంటే ఇంట్లో కురుక్షేత్రమే! ఇంగొక చట్టం, రోజుకు ఒక్క అధ్యాయమే. కథ ఎంత పీకల మీదికొచ్చి ఆగిపోయినా సరే, మూసెయ్యల్సిందే. "రేపటికి ఏమన్నా ఉండల్ల కదమ్మే" అనేది. నేను పండ్లు కొరుక్కోని మూసేదాన్ని.

ఇప్పుడు సేనాపతి సంగతి. నాలుగో పుస్తకంలో ముసలి సేనాపతి సచ్చిపోయినాడు. ఆ రోజు మా అత్త అంగడి కట్టేసి మధ్యాన్నమే ఇంటికొచ్చి, పలకరించినా పలక్కుండా నేరుగా పోయి తలకు పోసుకునింది. అంతటితో ఆగితే పర్వాలేదు. ఆయనకు కథలో పెండ్లాం లేదు, పిల్లోళ్ళు లేరు, దినాలు చేసే దిక్కు లేదు, మనమే చేయల్ల అనింది. పదకొండు రోజులు ఇంట్లో నీసు లేదు. పదకొండో రోజు వడలు, పాయసం చేసి వీధికంతా పంచింది. పక్కింటక్క గిన్నె పట్టుకోని "ఎవరు పోయినారత్తా?" అని భయపడతా అడిగింది. "మా సేనాపతి" అనింది మా అత్త, కండ్లు తుడుచుకుంటా. పాపం ఆయక్క ఎవరో మిలిట్రీలో పనిచేసే చుట్టం అనుకోని ఆమె కూడా ఏడ్చింది.

ఐదో పుస్తకం వచ్చింది. మూడో అధ్యాయంలో సేనాపతి కట్టె పట్టుకోని కోటలోకి నడిచొచ్చినాడు! గడ్డం పెంచుకోని, నిక్షేపంగా! మా అత్త బస్సు దిగి వీధి మొదట్నుంచే కేకలేసుకుంటా వచ్చింది. ముందు చదివినోళ్ళు కథ చెప్పకూడదనే తన చట్టం తానే మరిచిపోయి, నేనింగా చదవకముందే చెప్పేసింది. ఇద్దరం వాకిట్లో నిలబడి ఎగిరినాం. అంతలో మా మామ నింపాదిగా "దినాలు చేసేసినారు కదా, ఇప్పుడెట్ల?" అన్నాడు.

మా అత్త మొకం మాడిపోయింది. వాళ్ళ సత్యవేడు పక్క ఒక పద్ధతి ఉండాదంట. పోయినాడనుకోని దినాలు చేసేసినాక మనిషి తిరిగొస్తే, ఆ మనిషి మళ్ళీ పుట్టినట్టు లెక్క. ఉయ్యాలలో వేసి, చెవిలో పేరు చెప్పి, కొత్తగా పేరు పెట్టల్ల. లేకుంటే ఆయుస్సుకు మంచిది కాదంట. "కథలో మనిషికి ఆయుస్సేందే, గమ్మునుండు" అని మామ అంటే, "కథలో మనిషికి దినాలు సేసినప్పుడు నీ నోరు యాడికి పోయింది? వడలు తినేదానికి పోయిందా?" అనింది. అయిపాయ. నడింట్లో కొక్కేనికి చీర కట్టి ఉయ్యాల వేసినాం, మా పిల్లోళ్ళను ఊపిన కొక్కెమే. దాంట్లో ఐదో పుస్తకం పండబెట్టినాం. మేనత్త హోదాలో మా అత్తే వంగి, అట్ట కాడ నోరు పెట్టి, మూడు మార్లు సేనాపతి పేరు చెప్పింది. శెనగలు పంచినాం. పక్కింటక్క ఆదివారం చర్చికి పోయే మనిషి, "పోయినోళ్ళు లేచొస్తారని నేనెప్పుడూ నమ్మేదే కదత్తా, మీకే ఇంత హడావిడి" అని నవ్వి శెనగలు కొంగులో పోసుకునింది.

ఏడో పుస్తకంలో గుర్రాల మంగి లోయలో పడిపోయింది. మంగి అంటే కోటలో గుర్రాలు చూసుకునే ఆడమనిషి, కుంటి గుర్రమొకటంటే దానికి ప్రాణం. ఆ గుర్రంతో కూడా పడిపోయింది. మా అత్తకు అందరికంటే మంగి అంటేనే ఇష్టం. నేను వారం రోజులు సరిగ్గా అన్నం తినలే. ఆమె మాత్రం తొణకలే, బెణకలే. "శవం దొరికిందా? దొరకలే కదా. అది బతికే ఉండాది పో" అనింది. సేనాపతి దెబ్బతో నీకు అందరూ బతికే కనిపిస్తారత్తా, మంగి పోయింది, నేను దినాలు చేస్తా ఉండా అన్నాను. చేసినాను కూడా! వడలు చేసి ఆకులో పెట్టి ఇస్తే మా అత్త ఆకు పక్కకు తోసేసింది. "బతికుండేదానికి పెట్టిన వడ నేను తినను. మంగి తిరిగొచ్చిన రోజు ఉయ్యాల నువ్వే కట్టల్ల అమ్మే, నా నీలం చీరతో. గుర్తు పెట్టుకో." ఆ చీర అప్పుడే మడిచి బీరువా పై అరలో పెట్టేసింది. ఇంగ ఎన్ని పండగలొచ్చినా దాన్ని కట్టుకోలే. అడిగితే "అది మంగిది" అనేది.

ఎనిమిదో పుస్తకంలో మంగి ఊసే లేదు. తొమ్మిదోది ఆఖరిది, అది ఎంతకీ రాదు. ఏండ్లు పోతా ఉండాయి. రాసేటాయనకు ఒంట్లో బాగలేదని ఎవరో అంటే మా అత్తకు గుండెలో రాయి పడింది. ఎప్పుడు కొండకు పోయినా ఆయన పేరున దణ్ణం పెట్టుకునేది. "సామీ, ఆయప్పను సల్లగా సూడు. ఆయప్పకేమన్నా అయితే మంగి ఆ లోయలోనే ఉండిపోతాది." మా ఆయన ఒకసారి "నా పేరున ఎప్పుడన్నా మొక్కినావామ్మా?" అని అడిగినాడు. "నీకేమిరా, నువ్వు పుస్తకం రాస్తా ఉండావా?" అనింది. రాసేటాయన ఉంటాడో లేదో అనే ఆమె దిగులంతా. తానుంటానో లేదో అనే ఆలోచన ఆమెకే కాదు, మాకూ రాలేదు.

షుగరు కండ్లకొచ్చింది, తర్వాత కిడ్నీలకు. ఆస్పత్రిలో చేర్చిన నెలలోనే తొమ్మిదో పుస్తకం దిగింది! పుస్తకాలంగడాయన ఫోన్ చేస్తే ఆటో వేసుకోని పోయి తెచ్చినాను. దాన్ని చేతిలో పెడితే మా అత్త మంచం మీద లేచి కూర్చునింది. వద్దని నర్సమ్మ అరిచినా వినలే. ఆమె కండ్లు పనిచేయవు కాబట్టి నేను చదవల్ల, ఆమె వినల్ల. అయినా అధ్యాయం కాంగానే పుస్తకం తీసుకోని టికెట్టు తానే తడిమి పెట్టేది.

గురువారం సందకాడ చదివిన అధ్యాయం ఎట్ల ముగిసిందో చెప్తాను. కోటంతా ఆకలితో ఉండాది. సేనాపతి ఒక్కడే గవని కాడ కాపలా. తలుపుకు అవతల, ఎవరూ ఉండకూడని పక్క, గుర్రం డెక్కల చప్పుడు. అంతే, అధ్యాయం అయిపాయ! మా అత్త నా మణికట్టు పట్టుకునింది. ఒంట్లో ఏమీ లేని మనిషికి అంత పట్టు యాడనుంచి వచ్చిందో. "కుంటి గుర్రమే! మూడు డెక్కలు గట్టిగా, ఒకటి మెల్లగా. ఆయప్ప ఊరికే రాయడు. మంగే అమ్మే, మంగే!" అని ఒకటే సంబరం. అత్తా, ఈ ఒక్కసారికి ఇంగొక అధ్యాయం చదివేద్దాం, ఎవరడుగుతారు అని నేను పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. రేపటికి ఏమన్నా ఉండల్ల" అని టికెట్టు పెట్టేసి కండ్లు మూసుకునింది. పెదాల మీద నవ్వు అట్లనే ఉండాది.

తెల్లారితే శుక్రవారం.

ఆ తర్వాత పది రోజులు ఆ పుస్తకాన్ని నేను ముట్టుకోలే. ఎట్ల ముట్టుకునేది? ఆమె టికెట్టు ఆడుండాది కదా. ఫోన్‌లో ఎర్రగవని గ్రూపులు తెరవలే, ఎవరన్నా ముగింపు చెప్పేస్తారని. పరామర్శకు వచ్చిన ఒకాయన, చుట్టమే, కూర్చోని కూర్చోకముందే "పాపం పెద్దమ్మ, మంగి విషయం తెలుసుకోకుండానే..." అని మొదలుపెడితే, నేను రెండు చెవులూ మూసుకోని వంటింట్లోకి పరిగెత్తినాను. ఆయన నాకు దుఃఖం ఎక్కువయిందనుకున్నాడు.

పదకొండో రోజు, దినం నాడు, ఆమెకు ఇష్టమైనవన్నీ పటం ముందర పెట్టినాం. సంగటి, పప్పు, వడ, పాయసం. అందరూ తిని చేతులు కడుక్కున్నాక మామ నన్ను పిలిచినాడు. "ఆ పుస్తకం తీ అమ్మా. మీ అత్త ఈడనే ఉంటాది ఈ రోజు. దానికి సంగటి యాడ కావల్ల, మంగి కావల్ల గానీ." నేను పటం ముందర కూర్చోని పుస్తకం తెరిచినాను. టికెట్టు తీయలే. దాన్ని దాటి నా పిన్ను పెట్టినాను, మొదటిసారి.

గొంతెత్తి చదివినాను. డెక్కల చప్పుడు దగ్గరకొచ్చింది. సేనాపతి కత్తి దూసినాడు. ఇన్నేండ్లు లోపలున్నోళ్ళు ఎంత తోసినా కదలని గవని, అవతల నుంచి కిర్రుమనింది. తెరుచుకునింది! తల నెరిసిపోయిన ఆడమనిషి, కుంటి గుర్రం కళ్ళెం పట్టుకోని. "గుర్రాలకు నీళ్ళు పెట్టినారా?" అనింది.

మంగే!

నేను కేక పెట్టినాను. దినాలింట్లో ఉన్నానని, చుట్టాలున్నారని నాకేం గుర్తుకు రాలే. మామ లేచి నిలబడి "గెలిచింది! నా పెండ్లాం గెలిచింది!" అని అరస్తా ఉన్నాడు, కండ్లల్లో నీళ్ళు కారిపోతా ఉండాయి. జన్మలో ఒక్క పేజీ చదవని మా ఆయన విజిల్ వేసినాడు. పక్కింటక్క గోడ మీదనుంచి "ఏమైంది? ఏమైంది?" అంటే, "లేచొచ్చిందక్కా, మంగి లేచొచ్చింది!" అన్నాను. "నేను చెప్పలేదా!" అనింది ఆయక్క.

మామ లోపలికి పోయి నీలం చీర తెచ్చినాడు. చుట్టాల్లో పెద్దామె ఒకామె ముక్కు మీద వేలేసుకునింది. "దినాలింట్లో ఉయ్యాల కడతారంట్రా ఎవరన్నా?" మామ ఆమె పక్కకు కూడా చూడలే. "మాటిచ్చుండాం పెద్దమ్మా. ఓడినోళ్ళు కట్టల్ల" అని చీర నా చేతిలో పెట్టినాడు. ఓడింది నేనే. ఓడినందుకు జీవితంలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కాలే. సేనాపతిని ఊపిన కొక్కేనికే ముడి వేసినాను. నాఫ్తలిన్ ఉండల వాసన, దాని కింద ఆమె పూసుకునే పౌడరు వాసన. తొమ్మిదో పుస్తకాన్ని పండబెట్టినాను, టికెట్టుతోనే.

మూడు మార్లు పేరు చెప్పల్ల. వంగినాను. చీర చల్లగా చెంపకు తగిలింది. మంగి అనాలని నోరు తెరిచినాను. నా నోట్లోనుంచి వచ్చింది మా అత్త పేరు.

ఆమె బతికుండంగా ఒక్కసారన్నా ఆ పేరు నేను పలకలే, అత్త పేరు కోడలు పలుకుతుందా యాడన్నా. వచ్చేసింది. రెండోసారీ అదే వచ్చింది. మూడోసారి నేనే తెలిసి పిలిచినాను.

పక్కనే ఉన్న మామ విన్నాడు. నా చేతిలోనుంచి చీర అంచు తీసుకోని, బిడ్డ నిద్ర చెడకుండా ఊపినట్టు మెల్లగా ఊపతా నిలబడినాడు.